మార్జిన్

రాయడం అయిపోయింది మేడమ్ అంటారు,
పెన్నులకు మూతలు పెట్టేస్తారు.
అప్పుడు నేను తెల్ల కాగితాలు పంచుతాను.
తొమ్మిది-బి మొత్తం ఒకేసారి నిట్టూరుస్తుంది.

బంగారుపాళ్యం, జూన్ నెలాఖరు.
కిటికీ బయట తోతాపురి ట్రాక్టర్ల బారు
హైవే దాకా.
సుద్దముక్కకు కూడా మామిడి సొన వాసన.

ఎడమ పక్క స్కేలు వెడల్పు వదలండి.
పైన మూడు వేళ్లు, కింద రెండు.
లైనుకీ లైనుకీ మధ్య గాలి ఆడాలి,
పై వరస వత్తులు
కింది వరస గుడుల నెత్తిన కాళ్లు పెట్టకూడదు.
తలకట్టు మరిచిన అక్షరం
తల దువ్వకుండా బడికొచ్చినట్టుంటుంది,
ఒరే గజేంద్రా, నిన్ను కాదులే.
తప్పు పోతే ఒక్క గీత చాలు,
చచ్చిన పామును అంతసేపు కొట్టొద్దు.

ఇరవై రెండేళ్లుగా ఇవే మాటలు.
నీట్‌నెస్‌కి అయిదు మార్కులని
బోర్డు మూలన రాసి, చుట్టూ సున్నా చుట్టడం.

హంసవేణి మెరుపుల పెన్ను తెచ్చుకుంది.
నాలుగు వాక్యాలకు నలభై పువ్వులు,
శీర్షికలో అక్షరానికో రంగు.
తల్లీ, ఈ పూలజడలో పిల్ల ఎక్కడుందే? అన్నాను.
వెతుక్కుంది తనూ.

తబసుమ్ కాగితం మూల ఒక్క తీగ వేసి ఆపేసింది.
వాళ్లమ్మ జాకెట్లకు మగ్గం వర్కు చేస్తుంది.
ఇంకా కుడితే గుడ్డ బరువైపోతాదంట మేడమ్.
ఈ ముక్క నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

చివరి బెంచీలో చెంగల్రాయులు.
గోళ్ల చుట్టూ సొన నలుపు,
కాగితం మీద అప్పుడే ఒక గోధుమరంగు మచ్చ.
"మార్జిన్ అంటే మేడమ్,
మండీలో కాటా దగ్గర పట్టుకుంటారే, ఆ తరుగేనా?"
అందరూ నవ్వారు.
ముందు నేనూ నవ్వాను.

వాడు నవ్వలేదు. ఇంకోటి అడిగాడు.
"క్రేటు నింపేటప్పుడు
మంచి కాయలు పైన పేర్చమంటాడు మా నాయన.
మచ్చవి అడుగున.
ఫెయిర్ కాపీ అంటే అట్నేనా?"

బెల్లు కొడితే బాగుండనిపించింది.
కొట్టలేదు.

వాడి పక్కన కూర్చుని చదివాను.
మా ఇంటి పని, అని వ్యాసం.
ఎరువు, మందు, కోత, బాడుగ,
అన్నీ ఒకదాని మీద ఒకటి, సందు లేకుండా
పండగ ముందురోజు బస్సులా.
ఆ తొక్కిసలాటలో, పదమూడో లైనులో
ఒక వాక్యం నిలబడి ఉంది, ఒంటికాలి మీద:
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర మూడు దినాలు
మా నాయన కాయల మీదనే పండుకున్నాడు.

దీన్ని విడిగా రాయి, అన్నాను.
పైన ఒక లైను వదులు. కింద రెండు వదులు.
"కాగితం వేస్టు గదా మేడమ్?"
కానీరా.

మచ్చ పడింది, ఇంకో కాగితం ఇస్తావా అన్నాడు.
ఇవ్వలేదు.
నీట్‌నెస్‌కి అయిదుకు ఎన్ని వేయాలో
ఆ రాత్రి నాకూ తేలలేదు.

తల్లిదండ్రుల సమావేశం రోజు
వరండా గోడకు దారం కట్టి, క్లిప్పులు పెట్టి
అన్నీ వేలాడదీశాం.
వాళ్ల నాయన వచ్చాడు.
తుండుగుడ్డకు చెయ్యి తుడుచుకుని
అక్షరం అక్షరం వేలితో తడుముతూ చదివాడు.
ఆ వాక్యం దాటాక
వేలు ఖాళీలోకి దిగి ఆగిపోయింది.
"ఈడేంరా, ఏమీ రాయలేదే?"
"మార్జిన్ నాయనా" అన్నాడు వాడు,
నేను చెప్పిన అర్థం కాదది,
"దీన్ని ఎవురూ పట్టుకోరు."

ఆయన ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు.
పక్క కాగితంలోంచి హంసవేణి మెరుపు పొడి
మోచేతికి అంటుకుని
ఆయనతోపాటు మండీకి పోయింది.